ఎర్రసిరా పంతులుగారు, గోనెకట్టలోని బొమ్మల కథలు

లక్ష్మీనరసింహం గారు జీవితంలో ఎవరినీ చెయ్యెత్తి కొట్టలేదు. ఆ పని ఆయన ఎర్రసిరా చేసేది. ప్రత్తిపాడుకు దక్షిణాన నాలుగు మైళ్ళలో ఉన్న ఆ ఊరి హైస్కూల్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పి, 1981లో రిటైరయ్యారు. ఊళ్ళో మీసం నెరుస్తున్న మగవాళ్ళలో సగంమంది ఆయన చేతిలో ఒక్కసారైనా తెలుగులో తప్పినవాళ్ళే. వాళ్ళలో ట్రాక్టరు కొన్నవాళ్ళున్నారు, పత్తి మిల్లులో వాటా ఉన్నవాళ్ళున్నారు. అయినా పంతులుగారు ఎదురుపడితే సైకిలు దిగి నడిచేవాళ్ళు. దాన్ని ఆయన భక్తి అనుకునేవారు. అది ఏమిటో వాళ్ళు ఎప్పుడూ బయటపెట్టలేదు.

రిటైరయ్యాక పంచాయతీ ఆఫీసు పక్క గదిలో ఉన్న గ్రంథాలయం ఆయన చేతికొచ్చింది. గ్రంథాలయమంటే గుంటూరు జిల్లా గ్రంథాలయం వాళ్ళిచ్చిన ఒక ఇనుప బీరువా, రెండు బెంచీలు, ఒక ఫ్యాను, పాఠకులు సంతకాలు పెట్టే ఒక పుస్తకం. జీతం లేదు. గౌరవ నిర్వాహకుడు అని ఆయన హోదా. పొద్దున్నే మడత నలగని ఉత్తరీయం వేసుకుని ఏడున్నరకల్లా తాళం తీసేవారు. మధ్యాహ్నం భోజనానికి తప్ప కదిలేవారు కాదు.

ఆ గదిలో ఆయన ఒక ఆచారం పెట్టారు. ఏ పుస్తకమైనా ముందు ఆయన ఆమూలాగ్రం చదవాలి. చదివి, అట్ట లోపలి పేజీ మీద ఎర్రసిరాతో తీర్పు రాసి, సంతకం పెట్టి, తేదీ వేయాలి. "చదివాను. యోగ్యం" అన్నది బీరువాలోకి వెళుతుంది. "చదివాను. అయోగ్యం" అన్నది అటకెక్కుతుంది. చదవకుండా తీర్పు చెప్పడం మహాపాపమని ఆయన సిద్ధాంతం కనుక, అయోగ్యమైనవాటిని కూడా చివరి పేజీదాకా పళ్ళబిగువున చదివేవారు. అయిదేళ్ళలో బీరువా పల్చబడింది, అటక వంగింది.

పాఠకులు కూడా బీరువా బాటనే పట్టారు. ఆ సంవత్సరం, అంటే 1986 మార్చి నాటికి, రోజూ సంతకం పెట్టేవాళ్ళు నలుగురు మిగిలారు. వాళ్ళలో చెంచురామయ్య అనే రైతు పేపర్లో మిర్చి, పత్తి ధరలు చూసి లేచిపోయేవాడు. దర్జీ మాబు సాహెబ్ తన కొట్లో ఫ్యాను లేనందువల్ల సాహిత్యాభిమాని అయ్యాడు. మిగిలిన ఇద్దరూ ప్రత్తిపాడు బస్సు కోసం కాచుకునే దంపతులు. వాళ్ళ బస్సు ఏనాడూ వేళకు రాకపోవడం గ్రంథాలయోద్యమానికి మంచిదే అయింది.

అప్పుడు గుంటూరు నుంచి ఉత్తరం వచ్చింది. రోజుకు ఇరవై సంతకాలు లేని చోట బీరువాను ఉంచడం సాధ్యం కాదనీ, వచ్చే నెల మొదటివారంలో అధికారి స్వయంగా వచ్చి చూస్తారనీ, తృప్తిగా లేకపోతే బీరువా పక్క ఊరికి తరలిపోతుందనీ దాని సారాంశం.

లక్ష్మీనరసింహం గారు ఆ ఉత్తరంలో రెండు భాషాదోషాలు దిద్దారు. ఇంటికి వెళ్ళి భార్య సీతారత్నానికి సంగతి చెప్పారు. ఆవిడ ముఖంలో నిజమైన ఆందోళన కనబడింది.

"బీరువా పోతే పొద్దున్నే మీరెక్కడికి వెళ్తారండీ?" అంది.

"ఎక్కడికెళ్తాను? ఇంట్లోనే ఉంటాను."

"రోజంతానా?"

ఆ ప్రశ్నలోని లోతు ఆయనకు వెంటనే తట్టలేదు. రాత్రి మజ్జిగన్నం దగ్గర తట్టింది.

పాఠకులు తగ్గడానికి కారణం ఉత్తమ గ్రంథాల కొరత అని ఆయన నిర్ధారణ. పంచాయతీ వాళ్ళను ఒప్పించి కొత్త పుస్తకాలకు అనుమతి తెచ్చుకున్నారు. పద్యకావ్యాలు పదిహేను, వ్యాఖ్యానాలు ఏడు కలిపి జాబితా తయారుచేశారు. తనకు మోకాళ్ళు సహకరించడం లేదు కనుక దాన్ని మిర్చి రైతు యలమందయ్య చేతిలో పెట్టారు. యలమందయ్య ఆ వారమే గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలుతున్నాడు.

యలమందయ్యకు చదువు రాదుగానీ సరుకు చూడటంలో చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయనకు సాటి లేదు. మిర్చి వ్యాపారంలో బస్తా మూతి దగ్గర మేలిరకం కాయ పోసి లోపల తాలు పెట్టే ఘనులుంటారు. అందుకని తెలిసినవాడు మూతి వైపు చూడడు. బస్తా నడుముకు చిల్లు పొడిచి, గుప్పెడు కాయ లాగి, ఆ మచ్చు చూసి ధర చెబుతాడు. ముప్ఫై ఏళ్ళుగా యలమందయ్య తీసిన మచ్చు ఒక్కటీ తప్పలేదు.

మూడోనాడు లారీ దిగి, గోనెలో కట్టిన పెద్ద కట్ట ఒకటి గ్రంథాలయం మెట్ల మీద దించాడు. జాబితా చూసిన కొట్టువాడు అన్నీ దొరకవన్నాట్ట. పక్కనే పాత పుస్తకాలు అమ్మే ఇంకొకడు, ఇదిగో ఉత్తమ గ్రంథాలు, కట్టకు కట్ట తీసుకుపొమ్మన్నాట్ట.

"పైన రెండు మంచివి పెట్టి చూపిస్తన్నాడండీ," అన్నాడు యలమందయ్య, తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ. "నేను పైన చూసి కొనే మనిషినా? గోనె నడుముకి చిల్లు పొడిచి మూడు లాగా. లాగి, పక్కన నిలబడ్డ కాలేజీ మాస్టారికి చూపించా. వ్యాఖ్యానాలే, చాలా గొప్పవి అన్నాడు. ఇంకేం మాట్లాడకుండా లారీకి ఎక్కించా."

కట్ట విప్పారు. పైన రెండు శతకాలున్నాయి. నడుములో మూడు వ్యాఖ్యానాలున్నాయి. మిగిలిన అరవై నాలుగూ బొమ్మల కథల పుస్తకాలు. పలచగా, రంగురంగులుగా, అట్ట మీద కండలు తిరిగిన మనుషులతో మెట్ల నిండా జారిపడ్డాయి. గుంటూరులో ఏళ్ళ తరబడి మిర్చి రైతుల మధ్య బతికిన వ్యాపారికి, రైతు ఎక్కడ చిల్లు పొడుస్తాడో తెలియకుండా ఉంటుందా?

యలమందయ్య కాసేపు వాటి వంక చూశాడు. యార్డు నుంచి సరుకు వెనక్కి తోలుకొచ్చిన చరిత్ర ఆ వంశంలో లేదు.

"సరుకు మంచిదేనండీ పంతులుగారూ," అన్నాడు గంభీరంగా. "చదివేవోడిదే లోటు." తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంకెవరైనా అయితే ఆ అరవై నాలుగింటినీ చదవకుండానే అటకెక్కించి ఉండేవారు. లక్ష్మీనరసింహం గారికి సిద్ధాంతం అడ్డొచ్చింది. అధికారి రావడానికి వారం ఉంది. గ్రంథాలయానికి తాళం వేసి, పుస్తకాలు ఇంటికి చేరవేయించుకుని, వసారాలో పడకకుర్చీ వేసుకుని, ఎర్రసిరా కలం చెవి మీద పెట్టుకుని, శత్రుదుర్గం ముట్టడించే సేనాపతిలాగా మొదటిది విప్పారు.

మొదట ఆయనను కలవరపరచింది కథ కాదు, బుడగలు. ప్రతి మనిషి నోటి ముందూ ఒక తెల్లని బుడగ, అందులో అతని మాటలు. దీన్ని ఆయన ఎలాగో జీర్ణించుకున్నారు. కాని అయిదో పేజీలో సింహాసనం మీద కూర్చున్న రాజు తలలోంచి చిన్న చిన్న బుడగలు వరసగా పైకి పోతున్నాయి. నీళ్ళలో మునిగినవాడికి రావలసిన బుడగలు నిండు సభలో కూర్చున్నవాడికి ఎందుకొచ్చాయో ఆయనకు అంతుపట్టలేదు. ఆ పిమ్మట ఒక పోరాటంలో "ఢిష్యుం" అనే పదం తగిలింది. తత్సమమా, దేశ్యమా తేల్చుకోవడానికి పెద్ద నిఘంటువు దించి అరగంట వెతికారు. దొరకలేదు.

ఇవన్నీ సహించవచ్చు. కథాక్రమమే ఆయనను కుంగదీసింది. ఒక పేజీలో ఆరు బొమ్మలున్నాయి. రాజు, నా కూతుర్ని ఎవరు ఎత్తుకుపోయారు అని గర్జించాడు. ఒక యువకుడు గుర్రమెక్కాడు. రాక్షసుడు చచ్చిపడ్డాడు. అంతా అయ్యాక మంత్రి తాపీగా, రాక్షసుడు ప్రభూ అని జవాబు చెప్పాడు. తర్వాత ఆ యువకుడు గుహ ముందు కత్తి ఎత్తాడు. ఎవరి మీద? రాక్షసుడు చచ్చి రెండు బొమ్మలైంది కదా? ఆ వెంటనే పెళ్ళి.

మొదట్లో ఆయన రచయితకు న్యాయం చేయాలనే చూశారు. ఇది ఏదో నవీన ప్రయోగం కావచ్చు, ఫలితాన్ని ముందు చెప్పి కారణాన్ని తర్వాత చెప్పే శిల్పం కావచ్చు అనుకున్నారు. రెండో పుస్తకం అపరాధ పరిశోధన. అందులో దొంగ నేరం ఒప్పుకుని, సంకెళ్ళు వేయించుకుని, తర్వాత దొంగతనానికి వెళ్ళాడు. మూడోదానిలో ఒక నక్క బావిలో పడి చాలాసేపటికి ఆ బావి ఎక్కడుందని అడిగింది. ఆయన ఓర్పు నశించింది. ఎర్రసిరా ప్రవహించసాగింది. "చదివాను. పూర్వాపర విరుద్ధం. అయోగ్యం." "చదివాను. మంత్రికి సమయస్ఫూర్తి లేదు. అయోగ్యం." "చదివాను. అపరాధి ముందే ఒప్పుకొనుట చేత ఉత్కంఠ శూన్యం. అయోగ్యం." రెండు రోజుల్లో పదకొండు పుస్తకాలకు తీర్పు చెప్పారు. బీరువా పక్క ఊరికి పోవడం ఇక ఖాయమని ఆయనకు అర్థమైంది.

మూడోనాడు మధ్యాహ్నం వసారాలో ఆయన పన్నెండోది పట్టుకుని తల పట్టుకున్న సమయంలో, పెరట్లోంచి నవ్వు వినిపించింది.

సంవత్సరానికి సరిపడా కారం కొట్టించడానికి సీతారత్నం పెరట్లో చాప వేసి మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. యలమందయ్య భార్య సుబ్బరావమ్మ సాయం వచ్చింది. ఇద్దరి మధ్యా కాయల రాశి. రాశికి ఆనించి అయోగ్యమైన పుస్తకం ఒకటి తెరిచి ఉంది. సీతారత్నం అయిదో తరగతి దాకా చదివింది. పెళ్ళయిన ముప్ఫై ఎనిమిదేళ్ళలో భర్త యోగ్యమన్న పుస్తకం ఒక్కటీ ఆవిడ తెరిచి ఎరుగదు. ఇప్పుడు తొడిమ తీస్తూ తీస్తూ పైకి చదువుతోంది. సుబ్బరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. కారం కళ్ళకు తగిలిందో, నవ్వుకో, ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

లక్ష్మీనరసింహం గారు గుమ్మంలో నిలబడి, అందులో నవ్వవలసినది ఏమున్నదో చెప్పమని అడిగారు. సీతారత్నం చెప్పింది. కూతుర్ని ఎవరు ఎత్తుకుపోయారని రాజు అడిగాడట. రాక్షసుడని మంత్రి చెప్పాడట. కుర్రాడు గుర్రమెక్కి, గుహ దగ్గరికెళ్ళి, కత్తి ఎత్తి, రాక్షసుణ్ణి చంపి, పిల్లను పెళ్ళాడాడట. అయితే గుర్రమే అసలు తెలివైనదట, కుర్రాడు ఉత్త వెధవాయట. నవ్వంతా అక్కడుందట.

"రాక్షసుడు ముందే చచ్చాడు కదే," అన్నారాయన.

"ముందే ఎలా చస్తాడండీ? ఇదిగో, ఇటు చూడండి." ఎర్రబడ్డ వేలు పేజీ మీద ఎడమ నుంచి కుడికి జరిపింది. "ఇది, పక్కన ఇది. కింద ఇది, దాని పక్కన ఇది."

"అడ్డంగానా?"

"మరెలా చదువుతారు?"

ఆయన వెనుదిరిగి వసారాలోకి నడిచారు. నలభై ఏళ్ళుగా పొద్దున్నే లేచి దినపత్రిక చదివే మనిషి ఆయన. పత్రికలో ఒక వరస పైనుంచి కిందికి చదివి, అది పూర్తయ్యాక పక్క వరస పైకి వెళ్ళాలి. పేజీ కనబడగానే కళ్ళు వాటంతటవే నిలువుగా దిగిపోయేవి. అలా పదకొండు పుస్తకాలు దిగాయి.

సీతారత్నానికి ఆ నడకలోనే విషయం అందింది. సుబ్బరావమ్మ ముందు ఏమీ అనకుండా లేచి, ఆయన వెనకే వసారాలోకి వచ్చింది. గొంతు తగ్గించి, "నిలువుగా చదివారా?" అని మాత్రం అడిగింది.

ఆ మధ్యాహ్నం ఆయన పదకొండింటినీ అడ్డంగా చదివారు. మంత్రి సమయానికే జవాబు చెప్పాడు. దొంగ దొంగతనం చేశాకే దొరికాడు. నక్క అడిగిన బావిలోనే పడింది. బుడగలు రాజు మనసులోని మాటలని తెలిసింది. గుర్రం విషయంలో సీతారత్నం చెప్పింది నిజమే. ఆయన రెండుసార్లు నవ్వారు కూడా. ఒకసారి పైకే నవ్వారు. కాఫీ చల్లారిపోయిన సంగతి గమనించలేదు.

నవ్వడం వేరు, అట్ట లోపలి ఎర్రసిరా వేరు. ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగంలో ఆయన వేసిన ఒక్క మార్కు మార్చలేదు. మార్కులు మళ్ళీ చూడమని వచ్చిన తండ్రులకు, కలం ముందుకే నడుస్తుందని చెప్పి పంపేవారు. ఇప్పుడు సులువైన దారి ఒకటుంది. పదకొండింటినీ గుట్టుగా అటకెక్కించి, మిగిలినవి అడ్డంగా చదువుకోవడం. సీతారత్నం అదే చెప్పింది.

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందండీ? నేను చెప్పను."

కాని అవి యోగ్యమైన పుస్తకాలని ఇప్పుడాయనకు తెలుసు. యోగ్యమైనదాన్ని అటకెక్కిస్తే, ఇన్నాళ్ళూ బీరువాలోకి ఎక్కించినవాటికి అర్థమేమిటి? పైగా ఆ పదకొండే అందరికంటె ముందు సుబ్బరావమ్మ అడిగినవి. తన వీధిలో ఆడవాళ్ళకు చూపిస్తానంది. అయోగ్యమన్న పుస్తకం గడప దాటకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. చీకటి పడేలోపు ఆయన మళ్ళీ కలం తీశారు. మొదటి పుస్తకం అట్ట తెరిచి, తన తీర్పు కింద, తన గుండ్రని దస్తూరీతో ఇలా రాశారు:

"పై తీర్పు పుస్తకమును నిలువుగా చదివి వ్రాసినది. ఇట్టివి అడ్డముగా చదువవలెనని ఇంటివారు తెలియజేసిరి. తప్పు నాది. యోగ్యం."

సంతకం పెట్టి తేదీ వేశారు. రెండోది తీసి అదే రాశారు. పదకొండోదానికి వేళ్ళు నొప్పెట్టాయి.

మర్నాడు పొద్దున ఆ పదకొండూ గ్రంథాలయం బీరువాలోకి చేరాయి. మాబు సాహెబ్ ఫ్యాను కింద చేరి, కొత్తగా కనబడ్డ రంగుల అట్ట ఒకటి తెరిచాడు. లోపల ఎర్రసిరా చూశాడు. ఒకసారి చదివాడు. పంతులుగారి వైపు చూసి, మళ్ళీ చదివాడు. ఎన్నడూ లేనిది, ఫ్యాను తిరుగుతుండగానే లేచి వెళ్ళిపోయాడు.

పది గంటలకు చెంచురామయ్య వచ్చాడు. ధరల కోసం కాదు. 1959లో ఒకసారి, 1960లో ఒకసారి ఆయన చేతిలో తెలుగు తప్పి చదువు మానేసినవాడు. చొక్కా గుండీలు పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా నిలబడ్డాడు.

"పంతులుగారూ, ఆ తప్పెక్కడుందో ఒకసారి చూపిస్తారా?"

లక్ష్మీనరసింహం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. పుస్తకం విప్పినవారెవరైనా పాఠకులే. పాఠకులెవరైనా సంతకం చేయవలసిందే.

"ముందు సంతకం పెట్టు," అన్నారు.

చెంచురామయ్య సంతకం పెట్టి, పదకొండు పుస్తకాల్లోని పదకొండు తీర్పులూ వరసగా చదివి, తృప్తిగా నిట్టూర్చాడు. "పదకొండుసార్లు రాశారండీ. మాకు ఇంపోజిషన్ పదిసార్లే ఇచ్చేవారు," అన్నాడు.

సాయంత్రానికి ఊరంతా పాకింది. ట్రాక్టర్లవాళ్ళు వచ్చారు, పత్తి మిల్లు వాటాదారు వచ్చాడు, మూడుసార్లు తప్పినవాళ్ళు కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. "తప్పు నాది" అన్న మాట మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. వచ్చినవాళ్ళెవరికీ దాన్ని చూసిన వెంటనే లేచిపోవడం మర్యాదగా తోచలేదు. అందుకని పేజీ తిప్పారు. తిప్పినచోట రాజు గర్జిస్తున్నాడు. ఎవరు ఎత్తుకుపోయారో తెలుసుకోకుండా పోవడం ఎవరివల్లా కాలేదు. మూడోరోజున సుబ్బరావమ్మ నలుగురు ఆడవాళ్ళను తీసుకుని సీతారత్నంతో సహా వచ్చింది. ఆ గదిలోకి ఆడవాళ్ళు రావడం బస్సావిడ తర్వాత అదే మొదలు. పంతులుగారు తన కుర్చీ వాళ్ళ వైపు జరిపి, తాను గుమ్మంలో నిలబడ్డారు. యలమందయ్య రాలేదు. వీధి అరుగు మీద కూర్చుని, సరుకు చూసి కొనడమంటే ఏమిటో దారినపోయేవాళ్ళకు చెప్పాడు.

అధికారి వచ్చిన రోజున బెంచీల మీద చోటు లేదు. ఆయన అనుమానపు మనిషి. కూలికి తెచ్చిన జనమేమోనని, చెంచురామయ్య చేతిలోని పుస్తకం మూయించి, కథ చెప్పమన్నాడు. చెంచురామయ్య నక్క కథ మొదలుపెట్టి, బావి దగ్గరికి వచ్చేసరికి నవ్వు పట్టి ఆగిపోయాడు. మిగిలినది వెనక బెంచీవాళ్ళు పూర్తిచేశారు. సంతకాల పుస్తకంలో ముందురోజు లెక్క నలభై ఆరు.

ఎక్కువగా అడిగే పుస్తకమేదో చూపించమన్నాడు అధికారి. లక్ష్మీనరసింహం గారు మొదటిది తీసి ఇచ్చారు. అధికారి అట్ట తెరిచి చదివాడు. తల ఎత్తినప్పుడు ఆయన గొంతు కొంచెం మెత్తబడింది.

"ఇవి ఇలా ఉండటం బాగుండదు మాస్టారూ. పెద్దవారు. గుంటూరు నుంచి మంచి కాగితం పంపిస్తాను, ఈ పేజీల మీద అతికించేయండి. బీరువా ఎక్కడికీ పోదు."

పంతులుగారు ఉత్తరీయం సర్దుకుని, చాలా గంభీరంగా చేతులు జోడించారు.

"బీరువా సంగతి మహా సంతోషమండీ. కాగితం మాత్రం పంపకండి," అన్నారు. "ఊళ్ళో ఇంకా చాలామంది చూడాల్సినవాళ్ళున్నారు."